ముసురులో నారుకు ఏ రంగు వెలుగు?
ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు ముసురు పట్టిందంటే ట్రేల్లో టమాటా, మిరప నారు సన్నగా సాగి వాలిపోతుంది. అది ఎరువు లోపం కాదు, వెలుగు చాలక. యూరియా చల్లితే ఇంకా సాగుతుంది.

వెలుగు రంగును దాని తరంగదైర్ఘ్యంతో, నానోమీటర్లలో చెబుతారు. 450 నానోమీటర్ల నీలం కాడను పొట్టిగా, గట్టిగా ఉంచుతుంది. 660 దగ్గరి ఎరుపు కిరణజన్య సంయోగక్రియకు బాగా పనికొస్తుంది. 730 దగ్గరి ముదురు ఎరుపు ఎక్కువైతే మళ్లీ సాగుడే.

మొక్కల కోసం అమ్మే ఊదారంగు గ్రో లైట్లు నాకు నచ్చవు, ఆ వెలుగులో ఆకు పసుపు తిరిగినా కనబడదు. 6500 కెల్విన్ (తెల్ల వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు, 20 వాట్లవి రెండు, నారుకు జానెడు ఎత్తున కట్టండి. మొక్క లేచేకొద్దీ పైకి జరపండి. 2700 కెల్విన్ బల్బుల్లో నీలం తక్కువ.

పగటి వెలుగుతో కలిపి 14 గంటలు చాలు. రాత్రంతా వేస్తే టమాటా ఆకులు పాలిపోతాయి.