నది అడుగున ఒక పూట

రాత్రి వానకు నది రంగు మారింది. మోకాలి లోతులో నిలబడితే పాదాలు కనబడటం లేదు. నీటి మీద ఎగిరే పురుగు ఒక్కటీ లేదు. ఇలాంటి రోజున పైన తేలే ఫ్లైలు (చేపల కోసం పురుగుల్లా కట్టిన నకిలీ ఎరలు) తడపడం దండగ. లావుపాటి నల్ల నింఫ్ (నీటి అడుగున బతికే స్టోన్‌ఫ్లై అనే పురుగు పిల్లను పోలిన ఎర) తీశాను: 6వ నంబరు పొడవు కొక్కెం, ఒళ్లంతా దారం కింద సీసపు తీగ, పక్కలకు రబ్బరు కాళ్లు. చూడటానికి అందమేమీ లేదు. విసిరేటప్పుడు అసలే లేదు. ఆ బరువు చెవి పక్క నుంచి దూసుకుపోతుంటే తల దానంతటదే వంగుతుంది.

పెద్ద ఎరకు పెద్ద చేప పడుతుందంటారు. నాకా లెక్క మీద గురి లేదు. జానెడు ట్రౌట్ చేప కూడా దీన్ని మింగబోతుంది. పెద్ద జాతి స్టోన్‌ఫ్లైలు రెక్కలు రాకముందు 3, 4 ఏళ్లు రాళ్ల కిందే బతుకుతాయి. ఏ నెలలో చూసినా ఏదో ఒక వయసువి అక్కడ ఉంటాయి కాబట్టి, ట్రౌట్‌కు ఆ ఆకారం కొత్త కాదు. పైగా వీటికి ఈత సరిగా రాదు. పట్టు తప్పితే ప్రవాహం ఎటు లాగితే అటే.

అందుకే ఎర కూడా అలాగే కొట్టుకుపోవాలి. ఎగువకు వేసి, లైను వంపు తిరిగినప్పుడల్లా దాన్ని ఎత్తి ఎగువకే సర్దుతూ ఉన్నాను. అప్పుడప్పుడూ రాయి తగలకపోతే అడుగు అందనట్టే. కొన్ని నింఫ్‌లను రాళ్లే ఉంచేసుకున్నాయి. (ఈ పద్ధతిలో అది పన్ను లాంటిది, కట్టక తప్పదు.) చేప పట్టినా, రాయి పట్టినా లైను ఆగడం ఒకేలా ఉంటుంది, అనుమానం వచ్చిన ప్రతిసారీ రాడ్డు ఎత్తడమే. వడినీరూ నిదాన నీరూ ఒరుసుకునే చోట అలా ఎత్తితే, రాయి అనుకున్నది పక్కకు పరుగు తీసింది. బ్రౌన్ ట్రౌట్, పొట్ట పసుపు. జారకుండా పట్టే ముల్లు నొక్కేసిన కొక్కెం కాబట్టి నీటిలోనే సులువుగా ఊడింది.

మధ్యాహ్నానికి నీరు తేటపడసాగింది. పెద్ద నింఫ్ కొక్కేనికే మూరెడు సన్న దారం ముడివేసి, చివర చిన్న నింఫ్ కట్టాను. ఆ తర్వాత పడినవన్నీ చిన్నదాన్నే పట్టాయి. అయినా పెద్దదాన్ని విప్పలేదు. అది లాక్కుపోకపోతే చిన్నది ఆ వడిలో అడుగుకు దిగదు.