టైటానిక్ కాదు, వాళ్ళక్క

నిన్న ఇంగ్లండ్‌లోని ఆనిక్ ఊరికి వెళ్లాం (రాసేది ఆల్న్‌విక్ అనే, వీళ్ల స్పెల్లింగులతో చచ్చే చావు). అక్కడి వైట్ స్వాన్ హోటల్లో ఒక హాలు నిండా టైటానిక్‌కి అక్కలాంటి ఒలింపిక్ ఓడ ఫస్ట్ క్లాస్ లాంజ్ చెక్కపలకలే. చెక్కిన పూల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపి చూశా, అంచులు నున్నగా అరిగాయి. టైటానిక్ కంటే ముందే 1911లో బయల్దేరి, ఆ ఏడాదే ఒక యుద్ధనౌకతో ఢీకొని చిల్లు పడినా మునగకుండా, యుద్ధంలో సైనికుల్ని మోస్తూ 1918లో జర్మన్ సబ్‌మెరైన్ యూ-103ని తనే గుద్ది ముంచేసింది, ప్రయాణికుల ఓడండీ బాబూ! కానీ 1934లో పొగమంచులో నాన్‌టకెట్ లైట్‌షిప్‌ని (లైట్‌హౌస్‌లా దీపంతో ఒకేచోట నిలబడే ఓడ) ఢీకొట్టినప్పుడు పాపం అందులోని 7గురు పోయారు. మరుసటి ఏడాదే తుక్కు కింద అమ్మేశారు. మావాడు మాత్రం "మునిగింది ఇది కాదా?" అని మొహం మాడ్చుకుని చిప్స్ తింటూ కూర్చున్నాడు.