క్యాత్ చార్టులు, మూడు ఎర్ర గడులు: నా అనుభవం

నేను మెడికల్ కోడర్‌ని; ఆసుపత్రి రిపోర్టు చదివి, చేసిన పనికి బిల్లు కోసం సంఖ్యల కోడ్ వేయడం నా పని. నిన్న సాయంత్రం నాకు క్యాత్ ల్యాబ్ చార్టుల (గుండెలోకి గొట్టం పంపి చేసే పరీక్షల రిపోర్టుల) మీద క్లియరెన్స్ వచ్చింది. ఇకపై నేను కోడ్ చేసిన గుండె క్యాథెటరైజేషన్ రిపోర్టులు ఆడిటర్ మళ్లీ సరిచూడకుండానే అమెరికాలోని క్లయింటుకు వెళతాయి. దీనికి మూడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలు దాదాపు ఒక్క ప్రశ్నకే ఖర్చయ్యాయి: డాక్టరు తోసిన గొట్టం ఎడమ జఠరికలోకి వెళ్లిందా, వాకిట్లోనే ఆగిపోయిందా?

అంతకుముందు జరిగినదంతా తేలికే. మాది నాయుడుపేట దగ్గర పల్లె. నెల్లూరులో జువాలజీతో బీఎస్సీ చేసి, అమీర్‌పేటలో నాలుగు నెలలు కోచింగ్ తీసుకుని సీపీసీ అనే కోడర్ల సర్టిఫికెట్ పరీక్ష రాశాను. 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం వస్తే పాసు. కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయవచ్చు కనుక, ఏది ఏ పేజీలో ఉందో తెలిసినవారికి అది భయపడవలసిన పరీక్ష కాదు. ఆ కోచింగ్ వారు చర్మం మీద కుట్లకు నెల రోజులు కేటాయించి, గుండెను ఒక్క మధ్యాహ్నంలో ముగించారు; ఫీజు మాత్రం మొదటి రోజే మొత్తం కట్టించుకున్నారు. తరువాత చెన్నైలో ఉద్యోగం, పెరుంగుడిలో ఆఫీసు, వేళచ్చేరిలో హాస్టల్. ఏడాదిన్నర ఎక్స్‌రేలూ ఈసీజీలూ కోడ్ చేశాక కార్డియాలజీ టీములో ఖాళీ ఉందంటే పేరిచ్చాను.

మాకు శిక్షణ ఇచ్చిన తిరుపతి అక్క మంచి మనిషి. ఎనిమిది కోడ్‌లను ఆమె ఒక్క గంటలో మనసుకు ఎక్కించారు. 93454 అంటే కరోనరీ యాంజియోగ్రఫీ (గుండెకు రక్తం అందించే ధమనుల బొమ్మలు తీయడం) ఒక్కటే. 93456లో దానికి గుండె కుడివైపు క్యాథెటరైజేషన్ కలుస్తుంది, 93458లో ఎడమవైపుది, 93460లో రెండూ. వీటి పక్కనున్న బేసి సంఖ్యలు, అంటే 93455, 57, 59, 61, బైపాస్ గ్రాఫ్టులకు కూడా బొమ్మలు తీసినప్పుడు వాడవలసినవి. 2011కు ముందు గొట్టం వేసినందుకు ఒక కోడ్, మందు ఎక్కించినందుకు ఒకటి, బొమ్మ చదివినందుకు మరొకటి విడివిడిగా వేసేవారట. ఆ ఏడాది అవన్నీ ఒకే కోడ్‌లోకి వచ్చాయి. హాస్టల్‌లో చేతులు మారే పాత జిరాక్సు నోట్సులో 93510 అనే సంఖ్య కనిపిస్తే ఆ నోట్సును చెత్తబుట్టలో వేయండి. నేను దానికి నూట యాభై రూపాయలు ఇచ్చి కొన్నాను కనుక చెబుతున్నాను.

ఇక అసలు కథ నా మొదటి ఆడిట్. 20 చార్టులు ఇచ్చారు. మా దగ్గర 95 శాతం రావాలి, అంటే ఒక్క తప్పుకే చోటు ఉంది. నాకు నాలుగు తప్పులు వేశారు. వేసినందుకు బాధ లేదు. వాటిని విడిగా పిలిచి చెప్పకుండా, పద్దెనిమిది మంది కూర్చున్న హాలులో తెర మీద నా షీటు వేసి, ఎర్రరంగు పూసిన గడులను ఒక్కొక్కటిగా చదివించారు. ఆడిటర్ గుంటూరు వైపు పెద్దాయన. తమిళులకు ఇంగ్లీషులో వివరించి, చురక మాత్రం నాకు తెలుగులో వేశారు: “ఏమ్మా, రిపోర్టు చదివావా, హెడ్డింగ్ చదివి పక్కన పెట్టేశావా?” తెలుగు తెలిసిన ఏడుగురు నవ్వారు. తెలియనివారు ఆ ఏడుగురినీ చూసి నవ్వారు. పనిలో తప్పు దిద్దడానికీ మనిషిని నలుగురిలో నిలబెట్టడానికీ తేడా తెలియనివారికి ఆడిటర్ కుర్చీ ఇవ్వకూడదని నేను ఇప్పటికీ అంటాను.

కానీ ఆ చార్టు విషయంలో ఆయన మాట నిజం. రిపోర్టు పైభాగంలో పెద్ద అక్షరాలతో ‘లెఫ్ట్ హార్ట్ క్యాథెటరైజేషన్, కరోనరీ యాంజియోగ్రఫీ’ అని ఉంది. నేను కళ్లు మూసుకుని 93458 వేశాను. కిందికి వెళ్లి చదివితే ఏముంది? కుడి మణికట్టు దగ్గర రేడియల్ ధమనిలో ఆరు ఫ్రెంచ్ సైజు షీత్ (గొట్టం పంపే తొడుగు) వేశారు. జేఎల్ 4 క్యాథెటర్‌తో ఎడమ కరోనరీనీ జేఆర్ 4తో కుడి కరోనరీనీ అందుకుని, కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో నాళాలు కనిపించేలా చేసే మందు) ఎక్కించి బొమ్మలు తీశారు. షీత్ తీసి మణికట్టుకు పట్టీ వేశారు. అంతే. అయోర్టిక్ వాల్వ్ (ఎడమ జఠరిక వాకిట్లోని కవాటం) దాటిన మాట లేదు, ఎడమ జఠరికలో పీడనం కొలిచిన అంకె లేదు. కరోనరీలు అయోర్టా (బృహద్ధమని) మొదట్లోనే పుడతాయి కనుక వాటి బొమ్మలు తీయడానికి వాల్వ్ దాటనక్కరలేదు. అక్కడి డాక్టర్లు వాడుకలో యాంజియోగ్రామ్‌ను కూడా ‘లెఫ్ట్ హార్ట్ క్యాత్’ అనేస్తారు, లేదా పాత టెంప్లేటులో ఆ పేరు అలాగే మిగిలిపోతుంది. కోడ్ మాత్రం 93454. నేను వేసినది చేయని పనికి వేసిన బిల్లు.

ఆ అవమానం తలకెక్కి, తరువాతి చార్టులలో నేను రెండో వైపు పడిపోయాను. ఒక రిపోర్టులో పిగ్‌టెయిల్ క్యాథెటర్ వాల్వ్ దాటింది, జఠరికలో డయాస్టోలీ (గుండె సడలే దశ) చివరి పీడనం 18 అని రాశారు, గొట్టం వెనక్కి లాగినప్పుడు వాల్వ్ దగ్గర పీడనంలో తేడా లేదన్నారు. అయితే రోగికి క్రియాటినిన్ ఎక్కువగా ఉండటంతో (మూత్రపిండాలు బలహీనమన్న సూచన) కాంట్రాస్ట్ ఆదా చేయడానికి వెంట్రిక్యులోగ్రామ్ (జఠరిక బొమ్మ) తీయలేదు. బొమ్మ లేదు కనుక లెఫ్ట్ హార్ట్ లేదనుకుని 93454 వేశాను. అదీ తప్పే. 93458 వివరణలో వెంట్రిక్యులోగ్రామ్ ‘చేసినప్పుడు’ కలుస్తుందని ఉంది. చేయకపోతే కోడ్ మారదు. గొట్టం లోపలికి వెళ్లి పీడనం కొలిస్తే చాలు. ఒకే వాక్యాన్ని రెండు నెలల్లో రెండు వైపులా తప్పు చదివిన ఘనత నాది.

మొదటి ఆడిట్‌కు తిరిగి వస్తే, అందులో మరో ఎర్ర గడి స్టెంటుది. రోగికి మూడు వారాల క్రితమే వేరే ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ జరిగింది, ఆ బొమ్మలు డాక్టరు చూశారు, ఏ నాళంలో స్టెంటు వేయాలో ముందే నిర్ణయించుకుని వచ్చారు. వేసే ముందు దారి చూసుకోవడానికి మళ్లీ బొమ్మలు తీశారు. నేను స్టెంటు కోడ్ 92928కు ఎల్‌డీ మాడిఫయర్ (ఏ నాళమో చెప్పే అక్షరాలు) పెట్టి, పక్కనే 93454కు 59 (ఇది వేరే పని అని చెప్పే మాడిఫయర్) తగిలించి విడిగా అడిగాను. దారి చూపే బొమ్మలు స్టెంటు కోడ్‌లోనే కలిసి ఉంటాయి. విడిగా అడగాలంటే పాత యాంజియోగ్రామ్ అందుబాటులో ఉండకూడదు, పూర్తి పరీక్ష చేసి దాని ఆధారంగానే స్టెంటు నిర్ణయం జరిగి ఉండాలి; లేదా పాతది ఉన్నా రోగి పరిస్థితి మారిందనో, అందులో నాళం సరిగా కనిపించలేదనో డాక్టరు రాసి ఉండాలి. ఈ 59 అనే అంకెను మంత్రంలా చల్లే అలవాటు మా టీములో నా ఒక్కదానిది కాదు. అన్నట్టు, ఆసుపత్రిలో చేసిన డయాగ్నోస్టిక్ క్యాత్‌కు డాక్టరు బిల్లులో 26 (డాక్టరు పని వాటా మాత్రమే అని చెప్పే మాడిఫయర్) పెడతాం. అలవాటు కొద్దీ 92928కు కూడా పెట్టకండి.

నాలుగో గడి గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అక్కడ తప్పు ఆయనది. సెడేషన్ (మత్తు మందు) కోడ్ 99152 వదిలేశానని ఎరుపు పూశారు. క్యాత్‌లో సెడేషన్‌ను విడిగా చూపించడం 2017 నుంచి ఉంది, నిజమే; కానీ దానికి కనీసం 10 నిమిషాలు ఉండాలి. ఆ రిపోర్టులో మందు ఇచ్చింది 10:42కు, సెడేషన్ ముగిసింది 10:51కి. చేయి తిరిగిన డాక్టరు కాబోలు, తొమ్మిది నిమిషాల్లో పని ముగించాడు. ఆ రెండు సమయాలకూ గీత గీసి, కోడ్ పుస్తకంలోని వాక్యాన్ని పక్కన పెట్టి, మూడు లైన్ల రిబట్టల్ (అభ్యంతరం) పంపాను. రెండు రోజులకు ఆ గడి ఆకుపచ్చగా మారింది. హాలులో ఎవరూ తెర వేయలేదు, ఎవరికీ చదివి వినిపించలేదు.

ఆ తరువాత నేను రిపోర్టును కింది నుంచి చదవడం మొదలుపెట్టాను. ముందు పీడనాల పట్టిక, తరువాత ఏ క్యాథెటర్ ఎక్కడిదాకా వెళ్లిందో ఆ పేరా, తరువాత పాత యాంజియోగ్రామ్ ప్రస్తావన. హెడ్డింగ్ అన్నిటికంటే చివర. రెండో ఆడిట్‌లో 90 వచ్చింది, మూడో దానిలో నూటికి నూరు.

ఈ రోజు ఉదయం మొదటి సొంత బ్యాచ్ వచ్చింది, 14 చార్టులు. పదమూడు ముగించాను. పద్నాలుగో దానిలో హెడ్డింగ్‌లో లెఫ్ట్ హార్ట్ ఉంది, వాల్వ్ దాటినట్లు రాశారు, పీడనం అంకె ఉండవలసిన చోట ఖాళీ గీత ఉంది. డాక్టరుకు క్వెరీ రాసి హోల్డ్‌లో పెట్టేసరికి మూర్‌మార్కెట్ స్టేషన్ నుంచి నేను ఎక్కవలసిన సూళ్లూరుపేట లోకల్ వెళ్లిపోయింది.