మీరు ఏ బండనుండి చెక్కబడితిరో

“మీరు ఏ బండనుండి చెక్కబడితిరో దాని ఆలోచించుడి” (యెషయా 51:1). యెరూషలేము పాడై, గుప్పెడు మందిమే మిగిలామని కుమిలిపోతున్న జనానికి దేవుడు చెప్పిన మాట ఇది. ఆ వెంటనే అబ్రాహామును, శారాను గుర్తుచేస్తాడు. నేను పిలిచిన నాటికి అతడు ఒంటరివాడే కదా అంటాడు. మీ మొదలు ఇంతకన్నా చిన్నది అని చెప్పి ధైర్యమివ్వడం దేవుడికే చెల్లింది.

ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు ఇళ్ళలో పుట్టిన మాకు ఆ బండను చూపించమంటే ప్రార్థన కొండను చూపిస్తాం. 1853లో అమెరికా బాప్టిస్టు పెద్దలు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించుకున్నారు. 1836 నుంచి పనిచేసినా నమ్మినవాళ్ళు కొద్దిమందే మరి. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఐదుగురు ఆ కొండెక్కారు. అమెరికా మిషనరీలు లైమన్ జూవెట్ దంపతులు, వాళ్ళతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి అడిగారు. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. జవాబు కనబడని ఆ పన్నెండేళ్ళ గురించి మన ప్రసంగాల్లో ఎందుకో తక్కువ చెప్పుకుంటాం. నాకు మాత్రం ధైర్యం దొరికేది అక్కడే.

తర్వాత 1876లో, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు వచ్చింది. పశువులు పోయాయి, మనుషులూ పోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పని చేయించి, తీరిక దొరికినప్పుడు కూలీల మధ్య కూర్చుని యేసు మాటలు చెప్పేవారు.

కరువు రోజుల్లో ఏడాదికి పైగా క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ రాకూడదని. కరువు తగ్గుతుండగా జనం మళ్ళీ వచ్చారు. మాకు సాయం వద్దు, కష్టపడి బతికామనడానికి చేతుల మీది బొబ్బలే సాక్ష్యం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, క్రైస్తవులుగానే చచ్చిపోతాం అన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగ పల్లెల వాళ్ళు. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది కూడా తెలుగు బోధకులే.

బియ్యం కోసం క్రైస్తవుల్లో కలిశారని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ బొబ్బలు గుర్తొస్తాయి. వాళ్ళ కడుపు నిండాక పుట్టిన విశ్వాసం కాదది. రేపటి పంట మీద నమ్మకం లేకుండానే దేవుణ్ణి నమ్మారు.

ఈ మధ్య మన సంఘాల్లో ఎవరిని పలకరించినా ఏదో ఒక టెన్షన్. అప్పు, ఆసుపత్రి, ఉద్యోగం దొరకని పిల్లలు. దేవుడు మనల్ని వదిలేశాడేమో అన్న మాట ప్రార్థనల్లోనే వినబడుతోంది. మన మొదలు కరువులోనే ఉంది కాబట్టి, కష్టం రావడాన్ని ఆయన వెళ్ళిపోయిన గుర్తుగా నేను ఒప్పుకోలేను.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఇంటి పెద్దవాళ్ళను ఒకటి అడగండి. మన వంశంలో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరు, ఏ ఊళ్ళో, అప్పుడు వాళ్ళ పరిస్థితి ఏమిటి అని. తాతమ్మ పేరో ముత్తాత పేరో తెలిస్తే, ఆ పేరు పెట్టి దేవునికి స్తోత్రం చెప్పండి. పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.