నెయ్యి మానుకున్న గొల్లపిల్లలు, మన భోగి మంట

ధనుర్మాసం వచ్చిందంటే తిరుమల గుడిలో సుప్రభాతం ఆగిపోతుంది. ఆ నెలంతా స్వామిని తిరుప్పావై పాశురాలతో, అంటే గోదాదేవి (ఆండాళ్) తమిళంలో పాడిన ముప్పై పాటలతో మేల్కొలుపుతారు. సహస్రనామార్చన తులసికి బదులు బిల్వదళాలతో జరుగుతుంది. రాత్రి ఏకాంతసేవలో భోగ శ్రీనివాసమూర్తి స్థానంలో శ్రీకృష్ణస్వామి పవళిస్తారు. కొండ కింద గోవిందరాజస్వామి గుడి వీధుల్లో కూడా తెల్లవారుజామున చలిలో పాశురాలు వినిపిస్తుంటాయి.

ముప్పై పాశురాల్లో మనవాళ్లకు బాగా తెలిసినవి మొదటిదీ ఇరవై ఏడోదీ. మొదటిది పిలుపు, ఇరవై ఏడోది చక్కెర పొంగలి. రెండోది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పండగ ఎలా చేసుకోవాలో చెప్పేది అదేనని నాకనిపిస్తుంది.

అందులో గోదాదేవి వ్రతానికి నియమాలు పెడుతుంది. ‘నెయ్యుణ్ణోం పాలుణ్ణోం’ అంటుంది. నెయ్యి తినం, పాలు తాగం, పొద్దు పొడవకముందే స్నానం చేస్తాం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం. చేయకూడనివి చేయం, చాడీలు చెప్పం, అడిగినవాళ్లకు ఉన్నంతలో పెడతాం. ఈ మాటలు అంటున్నది గొల్లపల్లె పిల్లలు. పాలకూ నెయ్యికీ కరువు లేని ఇళ్లు వాళ్లవి. అంటే లేక మానుకోవడం కాదు, ఇంట్లో కుండల నిండా ఉన్నదాన్నే పక్కన పెడుతున్నారు. ఏడ్పుముఖాలతోనూ కాదు, నలుగురినీ నిద్రలేపి పాడుకుంటూ వెళ్తున్నారు.

పర్యావరణహిత పండగ అనగానే మనకు బడిలో పెట్టే డ్రాయింగ్ పోటీ గుర్తొస్తుంది. ఎవరో బయటినుంచి తెచ్చి మన నెత్తిన పెట్టిన పాఠంలా వింటాం. ఈ నెలంతా మనం పాడుకునే పాటలోనే ‘ఇది వద్దు, అది వద్దు’ అనే జాబితా ఉందని మాత్రం తట్టదు.

మరి ఇవాళ మన ఇళ్లలో కుండల నిండా ఉన్నదేమిటి? క్యారీబ్యాగులు, థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ పూల తోరణాలు. ధనుర్మాసం నడిమధ్యలో వచ్చే జనవరి 1కి వీధి మలుపుకొకటి శుభాకాంక్షల ఫ్లెక్సీ. వారం తర్వాత అది ఎక్కడికి పోతుందో కట్టినవాళ్లకే తెలియదు. కొండమీద ప్లాస్టిక్ నిషేధం ఉంది. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు, జలప్రసాదం కుళాయిల దగ్గర పట్టుకుంటాం. స్వామి ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు చేయడం దేవస్థానం 2021లో మొదలుపెట్టింది. పైన ఇంత క్రమశిక్షణగా ఉన్న చేతులే, కిందికి దిగి బస్సెక్కాక కిటికీలోంచి చిప్స్ ప్యాకెట్ విసురుతాయి. కొండ దిగితే స్వామి చూడడని కాబోలు.

మూడో పాశురంలో గోద వాన అడుగుతుంది. నెలకు మూడు వానలు కురవాలంటుంది, అదీ కీడు లేకుండా. ఎర్రవరి ఏపుగా ఎదగాలి, దాని నడుమ చేపలు ఎగరాలి, కలువపూలలో తుమ్మెదలు నిద్రపోవాలి. నాలుగో పాశురంలో మేఘం పుట్టుకనంతా చెబుతుంది. సముద్రంలోకి దిగి నీళ్లు తాగి, గర్జిస్తూ పైకెక్కి, పద్మనాభుడి మేనిలా నల్లబడి, ఆయన చక్రంలా మెరిసి, శంఖంలా ఉరిమి, ఆయన విల్లు శార్ఙ్గం విడిచిన బాణాల్లా కురవమంటుంది. దేనికంటే, లోకం బతకడానికి.

ఆ ‘కీడు లేకుండా’ అన్నదాని విలువ తిరుపతి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో ఊరంతా నీళ్లే. కపిలతీర్థం జలపాతం వైపు చూడాలంటేనే భయం వేసింది, ఘాట్ రోడ్డు దెబ్బతింది, స్వర్ణముఖి ఒడ్డు దాటింది. రాయలచెరువు కట్ట నిలుస్తుందా తెగుతుందా అని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టెన్షన్‌తో నిద్రపోలేదు. అంత వానకు ఏ కాలవా చాలదు, నిజమే. కానీ మామూలు వానకు కూడా కాలవ పొంగుతోందంటే, దాని నోట్లో ఏం కుక్కామో ఒకసారి చూసుకోవాలి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవే. అవి వెనక్కి మళ్లే వేళకే ధనుర్మాసం మొదలవుతుంది. అందుకే ఈ పాశురాలు ఈ నేల కోసమే రాసినట్టు ఉంటాయి.

ఇక భోగి. ధనుర్మాసం ఆ రోజుతో ముగుస్తుంది, గోదా కల్యాణం జరుగుతుంది. తెల్లవారుజామున మంట, పిల్లలు వాయించే పలకల (చిన్న డప్పుల) మోత. ఆ మోత నాకిష్టమే, మంటా ఇష్టమే. మంటలో వేసేవాటి గురించే నా గొడవంతా.

మన పెద్దలు పాతవన్నీ కాల్చేయమన్నప్పుడు పాతవంటే ఏమిటి? అరిగిపోయిన పొరకలు, చిరిగిన ఈతచాపలు, విరిగిన గంపలు, పుచ్చిన కట్టెలు, వాటికి తోడు పిడకలు. అన్నీ మట్టిలోంచి వచ్చినవే, బూడిదై మట్టిలో కలిసేవే. ఇప్పటి పాతవంటే ప్లాస్టిక్ కుర్చీ, పాలియెస్టర్ చీర, రెగ్జిన్ బ్యాగు, అన్నిటికీ మించి టైరు. పిల్లలకు టైరంటే మోజు, చాలాసేపు మండుతుంది కదా. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు. చల్లగాలి కింద పేరుకుని ఉంటుంది కాబట్టి పొగ పైకి పోకుండా వీధి మీదే పరుచుకుంటుంది. టైరు పొగలో మసితో పాటు గంధకపు వాయువులు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. కొన్ని రకాల ప్లాస్టిక్‌ల నుంచి డయాక్సిన్లు కూడా వస్తాయి. ఆ గాలినే ఇంట్లోని పసిబిడ్డా పీలుస్తుంది, ఆయాసంతో ఉన్న ముసలాయనా పీలుస్తాడు.

పొగ సంగతి అలా ఉంచి, శాస్త్రం సంగతే చూద్దాం. అగ్ని మనకు దేవుడు. మనం వేసింది దేవతలకు చేరవేస్తాడని నమ్ముతాం. హోమగుండంలో ఎవరైనా పాతచెప్పు వేస్తారా? భోగి మంటలోకి మాత్రం టైరు దొర్లించుకుంటూ వస్తాం. పోనీ అని పచ్చని వేపకొమ్మ నరికి తెచ్చినా అదీ తప్పే. వీధికంతా ఒకే మంట, నాలుగు బుట్టల పిడకలు, ఎండుకట్టెలు చాలు. కట్టుకోదగ్గ పాతబట్టలుంటే మంటలోకి ఎందుకు, అడిగినవాళ్లకు ఉన్నంతలో పెడతామని రెండో పాశురంలో చెప్పుకున్నాం కదా.

కనుమ నాడు చిత్తూరు పల్లెల్లో ఏం జరుగుతుందో పట్నం పిల్లలకు ఇప్పుడు చెప్తే గానీ తెలియదు. అడవి చెట్ల ఆకులు, బెరళ్లు ఉప్పుతో కలిపి రోట్లో దంచి ఉప్పుచెక్క చేస్తారు. అది చేదు, పశువులు మొరాయిస్తాయి. అయినా పట్టుకుని తినిపిస్తారు, ఏడాదికొకసారి వాటికి పడే మందు అది. పొంగలి తీసుకెళ్లి ‘పొలి పొలి’ అంటూ పొలంలో చల్లుతారు. సాయంత్రం కట్టెలు పేర్చిన చిట్లాకుప్ప ముట్టిస్తారు. పండగంటే పశువుకూ పైరుకూ ఇంత పెట్టడమే. ఈమధ్య కొమ్ములకు బెలూన్లు, ప్లాస్టిక్ రిబ్బన్లు కడుతున్నారు. పసుపూ కుంకుమా పెట్టి మొక్కిన ఆవే మర్నాడు మనం ముడేసి పారేసిన కవర్‌ను అన్నంతో సహా మింగుతుంది. అది కడుపులో అరగదు, బయటికీ రాదు, అక్కడే ముద్దకట్టి పేరుకుంటుంది.

అదే కనుమ నాడు తిరుమలలో పార్వేట ఉత్సవం. గోవిందరాజస్వామి గుడి నుంచి ఆండాళ్ మాలలు కొండకు చేరేదీ ఆ రోజే. ఉత్సవమూర్తి మలయప్పస్వామి వేటగాడై పార్వేట మండపానికి వెళ్తారు, ఆయన తరఫున అర్చకులు ఈటె విసురుతారు. వేట జరిగినట్టే, ఏ జంతువుకూ దెబ్బ తగలదు. చుట్టూ ఉన్న శేషాచలం అడవిని 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఆ ప్రకటన లేకపోయినా ఈ వేట ఇలాగే జరుగుతుంది. వేటనే ఒక ఈటె విసురుతో సరిపెట్టిన సంప్రదాయం మనది. అలాంటప్పుడు భోగి మంట నాలుగు పిడకలతో సరిపోదనే వాదన నాకు అర్థం కాదు.

ఇంత చెప్పినా, గోద పిసినారి కాదు. మానుకున్న నెయ్యి ఇరవై ఏడో పాశురంలో తిరిగొస్తుంది. నగలు, కొత్తబట్టలు, పాలలో ఉడికిన అన్నం, అది మునిగేంత నెయ్యి. చేత్తో ఎత్తితే మోచేతి దాకా కారాలంటుంది. అందరూ కలిసి కూర్చుని చల్లగా తినాలంటుంది. ఆ పాశురం పాడే రోజును కూడారై అంటారు. జనవరి రెండో వారంలో వచ్చే ఆ రోజు గుళ్లలోనూ వీధుల్లోనూ పంచే ప్రసాదానికి మళ్లీ థర్మోకోల్ గిన్నెలే కనిపిస్తాయి. మా వీధిలో ఈసారి ఎవరి గిన్నె వాళ్లే తెచ్చుకోవాలని ముందుగానే చెప్పేశాం. మరిచిపోయి వచ్చినవాళ్లకు విస్తరాకు దొన్నెలు ఉంటాయి. నెయ్యి దగ్గర మాత్రం ఎవరూ పొదుపు చేయొద్దు, అది ఆండాళ్ తల్లి మాట.