మార్నింగ్ గ్లోరీ తీగకు సరైన పేరు పెట్టడం

కంచె మీద పాకి తెల్లవారేసరికి నీలంగా విచ్చుకునే ప్రతి తీగనూ నర్సరీల బోర్డుల మీద, విత్తనాల పొట్లాల మీద, మొక్కలను గుర్తుపట్టే మొబైల్ ఆప్‌లలో ఐపోమియా పర్ప్యూరియా అనే ఒకే పేరుతో పిలవడం పరిపాటి అయిపోయింది. ఆ పేరు గల జాతి నిజంగానే ఉంది, తోటల్లో పెంచుతారు కూడా. అయితే మన పల్లెల్లో చేను గట్ల మీద, తుప్పల మీద ఎవరూ నాటకుండానే మొలిచి అల్లుకునే నీలి తీగ చాలాసార్లు పర్ప్యూరియా కాదు, ఐపోమియా నిల్. వీటికి హెడరేసియా, ట్రైకలర్, ఇండికా అనే మరో మూడు జాతులను కలిపితే, పేర్లు తారుమారయ్యేది ఎక్కువగా ఈ అయిదింటి మధ్యే. అందుకే ఈ టపాలో వీటిని దాటి పెద్దగా పోవడం లేదు.

ముందుగా రంగును పక్కన పెట్టాలి. అందరూ మొదట చూసేది, మొదట మోసపోయేది అక్కడే. జపాన్‌లో అసగావో పేరుతో తరతరాలుగా పెంచుతున్న తీగల్లో తెలుపు, ఎరుపు, గోధుమ, చారల పూలన్నీ ఉన్నాయి, అవన్నీ ఐపోమియా నిల్ అనే ఒక్క జాతికి చెందినవే. పైగా ఒకే పువ్వు రంగు కూడా పొద్దున్న ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదు. నీలంగా తెరుచుకున్న పువ్వు ఎండ ఎక్కేసరికి ఊదా, గులాబీ ఛాయలకు తిరిగి ముడుచుకుపోతుంది. ట్రైకలర్ జాతిలో ‘హెవెన్లీ బ్లూ’ అనే రకం ఇందుకు మంచి ఉదాహరణ. దాని మొగ్గ ఎరుపు కలిసిన ఊదా రంగులో ఉంటుంది, విచ్చుకునేటప్పుడు ఆకాశనీలంగా మారుతుంది. పూరేకు కణాల్లోని రసం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 6.6 నుంచి 7.7 వరకు పెరగడం వల్ల అదే రంగుపదార్థం నీలంగా కనిపిస్తుందని జపాన్ పరిశోధకులు 1995లో నిరూపించారు. పది గంటల తేడాలో రంగు మార్చే పువ్వును రంగును బట్టి గుర్తించబోవడం ఎంత తెలివైన పనో పాఠకులకే వదిలేస్తున్నాను.

ఆకు కొంత నయం, కానీ అదీ తుది సాక్ష్యం కాదు. పర్ప్యూరియా ఆకు సాధారణంగా హృదయాకారంలో, నిల్ ఆకు మూడు తమ్మెలతో, అంటే మూడు పాయలుగా చీలి, ఉంటాయన్న మాట నిజమే అయినా, పర్ప్యూరియాలో మూడు తమ్మెల ఆకులూ, హెడరేసియాలో తమ్మెలు లేని ఆకులూ కనిపిస్తాయి.

అసలు పేరు దొరికేది పువ్వు వెనుక, గరాటు అడుగును పట్టుకుని ఉండే అయిదు రక్షక పత్రాల దగ్గర. పువ్వును తిప్పి, వీలైతే చిన్న భూతద్దంతో, పక్కనుంచి చూడాలి. ఐపోమియా నిల్‌లో ఈ పత్రాలు సుమారు 2 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. అడుగున కాస్త వెడల్పుగా మొదలై క్రమంగా సన్నబడుతూ పోయి, చివర దాదాపు దారమంత కొనలుగా నిటారుగా నిలుస్తాయి. అడుగు భాగంలో ఒత్తుగా పరుచుకున్న నూగు వేలికి గరుగ్గా తగులుతుంది. పర్ప్యూరియాలోనూ అడుగున అలాంటి బిరుసు వెంట్రుకలు ఉంటాయి కానీ, పత్రాలు పొట్టివి, ఒకటిన్నర సెంటీమీటరు దాటడం అరుదు. వెడల్పు తగ్గకుండా కొంతదూరం వచ్చి పొట్టి మొనతో ముగుస్తాయి, సాగిన తోక ఉండదు. పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ తేడా మళ్లీ చెప్పనక్కరలేదు. హెడరేసియా రక్షక పత్రాలు మరో తీరువి. వెంట్రుకలతో నిండిన వెడల్పాటి అడుగు ఉన్నట్టుండి సన్నబడి, ఆ కొన పిచ్చుక గోరులా వెలుపలికి వంగుతుంది. నిల్‌ను, హెడరేసియాను విడదీయడానికి ఇంతకంటే నమ్మకమైన లక్షణం నేను వాడలేదు. హెడరేసియా పువ్వు కూడా చిన్నది, సాధారణంగా 2 నుంచి 4 సెంటీమీటర్లకు మించదు. నిల్ పువ్వు 5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటుంది.

ట్రైకలర్‌తో ఇంత అవస్థ లేదు. తీగ మొత్తం నునుపుగా, వెంట్రుకలు లేకుండా ఉంటుంది. రక్షక పత్రాలు అరసెంటీమీటరు, అంతకు కాస్త ఎక్కువ పొడవుతో చిన్న త్రిభుజాల్లా, తెల్లని అంచులతో ఉంటాయి. సందేహం మిగిలితే కాయ కోసి చూడవచ్చు: ట్రైకలర్ అండాశయంలో రెండు గదులు, మామూలుగా నాలుగు గింజలు, నిల్, పర్ప్యూరియా, హెడరేసియాల్లో మూడు గదులు, ఆరు గింజలు. పువ్వు తాజాగా ఉండగానే కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కొన) రెండు తమ్మెలదా, మూడు తమ్మెలదా అని చూసినా ఇదే సమాధానం వస్తుంది. చిక్కంతా విత్తనాల వ్యాపారం నుంచి వచ్చింది. హెవెన్లీ బ్లూ విత్తనాలను చాలాకాలంగా ఐపోమియా వయోలేసియా అనే పేరుతో కూడా అమ్ముతున్నారు. నిజమైన వయోలేసియా సముద్రతీరాల్లో పెరిగి రాత్రిపూట తెల్లగా పూచే వేరే తీగ.

ఇండికా బహువార్షికం, మిగిలినవి ఏకవార్షికాలుగా పెరుగుతాయి. ఏళ్ల తరబడి గోడను కప్పి, గుత్తులుగా పూస్తూ, విత్తనం మాత్రం కట్టని నీలి తీగ కనిపిస్తే ముందుగా దీన్నే అనుమానించాలి. ఇది కణుపుల దగ్గర వేళ్లు పోసుకుని పాకుతుంది, కొమ్మ నాటినా బతుకుతుంది. దీని రక్షక పత్రాలు నునుపుగానైనా ఉంటాయి, లేదా అంటుకున్న మెత్తని నూగుతో ఉంటాయి. నిల్‌లోలా విచ్చుకున్న గరుకు వెంట్రుకలు ఉండవు.

హెడరేసియా గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో ఆ పేరుకు పాత చరిత్ర ఉంది. విరేచనకారిగా వాడే కొల్లి విత్తులు, ఉత్తరాదిన కాలాదానా అనేవి, ఐపోమియా నిల్ గింజలు. బ్రిటిష్ ఏలుబడి నాటి వృక్షశాస్త్ర, ఔషధ గ్రంథాలు వీటిని హెడరేసియా పేరుతో నమోదు చేశాయి, ఆ పేరు తర్వాతి పుస్తకాల్లోకి అలాగే ఎక్కింది. హెడరేసియా అమెరికా ఖండపు మొక్క. కనుక పాత పుస్తకంలో మన ప్రాంతపు తీగకు ఆ పేరు కనిపిస్తే, మొక్క చూసేవరకు దాన్ని నిల్ అనుకోవడమే క్షేమం.

శాస్త్రీయ నామం వెనుక వచ్చే మనుషుల పేర్లను కూడా వదిలేయకూడదు. 1762లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ నిల్ మొక్కను కన్వాల్వులస్ నిల్ అన్నాడు, 1797లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త రోత్ దాన్ని ఐపోమియా ప్రజాతిలోకి మార్చాడు. అందుకే లినేయస్ పేరు కుండలీకరణాల్లో, రోత్ పేరు బయట రాస్తారు. కన్వాల్వులస్‌ను ఐపోమియా నుంచి విడదీసే గుర్తు కూడా కీలాగ్రంలోనే ఉంది: ఐపోమియాలో ఉండలా ఉంటుంది, కన్వాల్వులస్‌లో రెండు పొడవైన సన్నని పాయలుగా చీలుతుంది.

తూటికూర, చిలగడదుంప, కాశీరత్నం, చెరువుల్లో విపరీతంగా పెరిగే లొట్టపీసు కూడా ఇదే ప్రజాతివి. నీలి శంఖుపుష్పం మాత్రం చిక్కుడు కుటుంబానిది, తీగ పాకడం, పువ్వు నీలంగా ఉండడం తప్ప దీనికి ఐపోమియాతో చుట్టరికం లేదు.

ఎవరికైనా గుర్తింపు కోసం ఫోటో పంపేవారు పువ్వు ముఖాన్ని తీసి ఊరుకోకుండా, రక్షక పత్రాలు పక్కనుంచి కనిపించే ఒక చిత్రం, పండిన కాయ ఒకటి, కింది ఆకు, పై ఆకు ఒక్కోటి, పక్కన స్కేలుతో తీసి పంపితే పని సులువవుతుంది. ముఖం ఒక్కటే ఉన్న చిత్రానికి చాలాసార్లు ‘ఐపోమియా, జాతి తేలలేదు’ అనే నేను రాస్తాను.