కుట్లు చూసి కొన్న రెయిన్‌కోటు

ఆదివారం, పునర్వసు కార్తె.

ఉదయం లేచి హాల్లోకి వచ్చేసరికి నిన్నటి వానలో తడిసిన 46 జవాబు పత్రాలు ఫ్యాను కింద నేల నిండా పరిచి ఉన్నాయి. రాత్రి మా ఆవిడ, పాప కలిసి వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, ఎగిరిపోకుండా గ్లాసులూ గరిటెలూ బరువు పెట్టి ఆరబెట్టారు. కాగితాలు ఆరాయి గానీ అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. బాల్‌పెన్నుతో రాసినవి చదవడానికి వీలుగానే ఉన్నాయి. జెల్‌పెన్నుతో రాసిన ఏడుగురి జవాబులు మాత్రం చాలాచోట్ల నీలి మరకలుగా అలికిపోయాయి. తొమ్మిదో తరగతి పిల్లల ఎఫ్‌ఏ-1 (బడిలో ఏడాదికి మొదటి చిన్న పరీక్ష) పత్రాలవి. వాళ్లు శ్రద్ధగా రాసిచ్చినదాన్ని భద్రంగా ఇంటికి తేలేకపోయానన్న బాధ నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు. ఇంకో వాన పడేలోపు మంచి రెయిన్‌కోటు కొనాలని, ఈసారి ఆదరాబాదరాగా కాక, చూసి, పరీక్షించి కొనాలని రాత్రే అనుకున్నాను.

నేను పనిచేసే ఉన్నత పాఠశాల హనుమకొండ నుంచి ములుగు వెళ్లే దారిలో ఆత్మకూరు దాటాక ఉంది. బండి మీద రోజూ రానూపోనూ 54 కిలోమీటర్లు. నిన్న సాయంత్రం బడి వదిలి నాలుగైదు కిలోమీటర్లు వచ్చానో లేదో వాన అందుకుంది. బస్ షెల్టరు కింద ఆగి, మూడేళ్లుగా వాడుతున్న రెయిన్‌కోటు తొడుక్కొని మళ్లీ బయలుదేరాను. పావుగంట గడవకముందే కూర్చున్న చోట చల్లగా తగిలింది. తరువాత హెల్మెట్ వెనుక నుంచి ఒక ధార మెడ మీదుగా వీపులోకి దిగింది, ఆ తరువాత జిప్పు వెంట ఛాతీ తడిసింది. ఒగ్లాపూర్ దగ్గరికి వచ్చేసరికి ఒళ్లంతా వణుకు. అక్కడ బర్రెల మంద రోడ్డు దాటుతుంటే చూసి బ్రేకు పట్టబోయాను. వేళ్లు కొంకర్లు పోయి పట్టు వెంటనే చిక్కలేదు. బండి ఆగింది గానీ, చివరి బర్రెకు రెండు మూరల దూరంలో ఆగింది. తడవడం అంటే ఇన్నాళ్లూ జలుబు, బట్టలు పాడవడం అనే అనుకున్నాను. తడిసి వణుకుతున్న మనిషికి చూపు, చెయ్యి, ఆలోచన మూడూ మందగిస్తాయని నిన్న నాకు అనుభవమైంది.

ఉదయం టీ తాగుతూ ఒక లెక్క వేసుకున్నాను. పిల్లలకు సాపేక్ష వేగం చెప్పే ఉపాధ్యాయుణ్ణి అయివుండి, దీన్ని నా బండికి అన్వయించి ఎన్నడూ చూడలేదు. ఎంత పెద్ద వాన చుక్క అయినా గాలి నిరోధం వల్ల సెకనుకు సుమారు 9 మీటర్లకు మించిన వేగంతో పడదు. నేను గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అది సెకనుకు దాదాపు 14 మీటర్లు. అంటే బండి మీద ఉన్న మనిషికి వాన పై నుంచి పడడం కంటే ఎదురుగా వచ్చి కొట్టడమే ఎక్కువ. చిన్న చుక్కలైతే నెమ్మదిగా పడతాయి కాబట్టి ఇంకా అడ్డంగా వచ్చి తగులుతాయి. దానికి తోడు ముందు వెళ్తున్న లారీ చక్రాలు చిమ్మే బురదనీరు కింది నుంచి పైకి వస్తుంది. గొడుగు బదులు వేసుకొని నడిచి వెళ్లడానికి కుట్టిన కోటు, బండి మీద కూర్చున్న మనిషికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. నడిచేవాడికి భుజాలు, తల తడవకుంటే చాలు. బండివాడికి ఛాతీ, మెడ, ఒడి, మోకాళ్లు, మడమలు, ఇవన్నీ కాపాడాలి.

పాత కోటును వరండాలో తిరగేసి పరిచాను. బయటి నుంచి చూస్తే ఇంకా రెండేళ్లు వస్తుందనిపించేలా ఉంది. లోపల మాత్రం కుట్ల మీద అతికించిన సన్నని టేపు చాలాచోట్ల ఊడి, ఎండిన ఉల్లిపొరలా వేలాడుతోంది. బట్టకు వేసిన పూత మడతల దగ్గర పొట్టు రాలుతోంది. తడి ఆరకముందే మడిచి బండి డబ్బాలో కుక్కినందుకు ఫలితం అది. చెమ్మ, వేడి కలిస్తే ఆ పూత తొందరగా చెడుతుంది. ప్యాంటు కుడి కాలి కింద, సైలెన్సర్ తగిలి కరిగిపోయిన చోటు అరచెయ్యంత ఉంది.

పాపను పిలిచి ఒక పని చేశాను. ప్యాంటును లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, రెండు కాళ్లనూ పైకి మడిచి పట్టుకొమ్మని, కూర్చునే భాగం సంచిలా వేలాడుతుంటే అందులో రెండు చెంబుల నీళ్లు పోశాను. బట్టలోంచి ఒక్క చుక్క రాలేదు. కానీ రెండు కాళ్లూ కలిసే చోట, నాలుగు కుట్లు ఒక్కచోటికి వచ్చే ముడి దగ్గర, ముందు ఆవగింజంత చెమ్మ పుట్టింది. అది ఉబ్బి, జారి, దాని వెనుకే ఇంకొకటి వచ్చింది. నిమిషం తిరగకముందే కుట్టు పొడవునా సూది దిగిన ప్రతి రంధ్రం దగ్గరా ఒక్కో చుక్క, దారానికి గుచ్చిన పూసల్లా వరసగా నిలబడింది. “నాన్నా, బట్ట మంచిగనే ఉంది గదా, కుట్టుకాడనే కారుతుంది” అంది పాప. ఈ రోజంతా నేను నేర్చుకున్నది ఆ ఒక్క మాటలోనే ఉంది.

రెయిన్‌కోట్ల చీటీల మీద 3,000 మిల్లీమీటర్లు, 5,000 మిల్లీమీటర్లు, 10,000 మిల్లీమీటర్లు అని వేస్తారు. బట్ట మీద నీటి స్తంభాన్ని నిలబెడితే ఎంత ఎత్తు వరకు నీరు అవతలికి దిగకుండా ఆపగలదో చెప్పే కొలత అది. 5,000 అంటే అయిదు మీటర్ల ఎత్తు. సీటు మీద నా బరువు ఎంత ఒత్తిడి పెడుతుందో చూద్దామని లెక్క కట్టాను. నా బరువు 72 కిలోలు, సీటును తాకే చోటు సుమారు 1,000 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు 72 గ్రాములు. అంటే 720 మిల్లీమీటర్ల నీటి స్తంభానికి సమానం. గుంతల్లో బండి ఎగిరిపడినప్పుడు దీనికి రెండు మూడింతలు అయినా, 5,000 రాసిన బట్ట నిశ్చింతగా ఆపుతుంది. కాబట్టి అంకె కోసం డబ్బు ఎక్కువ పెట్టడం కంటే, ఆ అంకె చెప్పని కుట్ల సంగతి చూసుకోవడం ముఖ్యమని నిర్ణయించుకున్నాను. ఇది కొత్త సమస్య కూడా కాదు. 1823లో చార్లెస్ మాకింటోష్ రెండు బట్టల మధ్య కరిగించిన రబ్బరు పూసి వానకోటు బట్టకు పేటెంటు తీసుకున్నప్పుడు కూడా, దర్జీలు సూదితో కుట్టగానే ఆ రంధ్రాల్లోంచి నీళ్లు కారేవి.

పదకొండింటికి హనుమకొండ చౌరస్తాకు వెళ్లాను. ఫుట్‌పాత్ మీద 450 రూపాయలకే కోటు, ప్యాంటు కలిపి ఇస్తున్నారు; తిరగేసి చూస్తే కుట్ల మీద టేపే లేదు. పక్కన మోకాళ్ల దాకా వచ్చే పొడుగు పోంచోలు ఉన్నాయి. వేసుకోవడం సులువే గానీ గాలికి ఎగిరి చైనులోనో చక్రంలోనో చుట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. బండి నడిపేవాళ్లు వాటి జోలికి పోకూడదని నా అభిప్రాయం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

తరువాత వెళ్లిన దుకాణంలో అబ్బాయి ఓపికగా ఎనిమిది రకాలు తీసి చూపించాడు. “సార్, ఇది మందం చూడండి, దీంట్లకెళ్లి చుక్క దిగది” అని రబ్బరులాంటి ఒక బరువైన పీవీసీ కోటు ఇచ్చాడు. నిజమే, దాంట్లో నీళ్లు దిగవు; చెమట కూడా బయటికి పోదు. మన జులై ఉక్కలో అరగంట వేసుకుంటే లోపల చొక్కా పిండుకోవాల్సి వస్తుంది. గాలి ఆడే పొర ఉన్న ఖరీదైన కోట్లు కూడా ఉన్నాయి. చెమట ఆవిరి బయటికి పోవాలంటే లోపలి కంటే బయట తేమ తక్కువ ఉండాలి. ముసురు పట్టిన రోజు మన దగ్గర ఆ తేడా అంతగా ఉండదు కాబట్టి, నా 27 కిలోమీటర్లకు అంత ఖర్చు అవసరం లేదనిపించింది. పలచని పాలిస్టర్ బట్టకు లోపల పూత వేసి, వీపు దగ్గర మూత కింద జాలీ పెట్టినది చాలు.

ఈ చెమట సంగతి తలచుకున్నప్పుడు మా తాత గొంగడి గుర్తొచ్చింది. నల్ల గొర్రెల ఉన్నితో నేసిన గొంగడిని మడిచి నెత్తిన కొప్పెర (తలనూ వీపునూ కప్పే ముసుగు) పెట్టుకొని ఆయన ముసురులో మడి గట్టు మీద రోజంతా నిలబడేవాడు. తడిసి బరువెక్కేది గానీ, లోపల వెచ్చదనం పోయేది కాదు, ఊపిరి ఆడేది. నిన్న దారి పొడవునా నాట్లు వేస్తున్న ఆడవాళ్లు యూరియా సంచి ఒక మూలను లోపలికి నొక్కి అదే కొప్పెర పెట్టుకున్నారు. వంగి పనిచేసే మనిషికి వీపు మీద పడే వాన నుంచి కాపు కావాలి, అది అమరింది. ఎవరి పని ఎలా వంచుతుందో దాన్నిబట్టే వాళ్ల వానబట్ట ఉండాలి.

అందుకే కోటు వేసుకొని అద్దం ముందు నిలబడకుండా, దుకాణం ముందు నిలిపిన నా బండి ఎక్కి కూర్చుంటానన్నాను. అబ్బాయి కొంచెం ఆశ్చర్యపోయినా, “కూసోండి సార్, ఏమైతది” అన్నాడు. నిలబడినప్పుడు సరిగ్గా సరిపోయిన ఎల్ సైజు, హ్యాండిల్ పట్టుకోగానే ముంజేతికి నాలుగు వేళ్లు పైకి జరిగింది. ప్యాంటు చీలమండ పైకి లేచి సాక్సు బయటపడింది. వెనుక కోటు పైకి లేచి, నడుము దగ్గర సందు కనిపించింది. రెండు సైజులు పెద్దది తీసుకుంటే అన్నీ సర్దుకున్నాయి. ప్యాంటు నడుము ఛాతీ దాకా వస్తే ఒడిలో నిలిచిన నీళ్లు లోపలికి దిగవు. జిప్పు మీద రెండు పొరల పట్టీ, దానికి వెల్క్రో ఉండాలి. ఒక్క పొర అయితే ఎదురు గాలికి విప్పుకుంటుంది. మెడ దగ్గర కాలరు హెల్మెట్ అంచుకు తగిలేంత ఎత్తు ఉండాలి. టోపీ మాత్రం హెల్మెట్ లోపల పెట్టుకోకూడదు. తల తిప్పితే చూపుకు అడ్డం వస్తుంది.

రంగు విషయంలో కొంచెం పట్టుపట్టాను. దుకాణం నిండా నలుపు, ముదురు నీలం. వానలో, పొద్దుగూకే వేళ, లారీ డ్రైవరుకు నల్ల కోటు తొడిగిన మనిషి తారురోడ్డులో కలిసిపోతాడు. చివరికి నిమ్మపండు రంగుది ఒకటి దొరికింది. దాని మీది వెండి పట్టీలు నిజంగా వెలుతురును తిప్పి కొడతాయో లేదో చూడడానికి దుకాణం వెనుక చీకటి గదిలో వేలాడదీసి, ఫోను టార్చిని నా కణతకు ఆనించి వెలిగించాను. ఆ పట్టీలు వెలుతురు వచ్చిన దిక్కుకే దాన్ని తిరిగి పంపిస్తాయి కాబట్టి, టార్చి కంటి పక్కన ఉంటేనే అసలు సంగతి తెలుస్తుంది. భుజాల మీదివి తెల్లగా మండినట్టు మెరిశాయి. అంతకుముందు చూసిన ఇంకో కోటు పట్టీలు బూడిదరంగు గుడ్డలానే ఉండిపోయాయి. కణతకు టార్చి పెట్టుకొని అబ్బాయి కూడా ఒకసారి చూశాడు. తరువాత మిగిలినవి కూడా తెచ్చి ఒక్కొక్కటే పరీక్షించాడు. 1,850 రూపాయలకు బేరం కుదిరింది.

ఇంటికి రాగానే మళ్లీ చెంబు పరీక్ష. పావుగంట సేపు పట్టుకున్నా కొత్త ప్యాంటు కుట్టు పొడిగానే ఉంది. కోటు జేబు దగ్గర మాత్రం ఒక మూల చెమ్మగిల్లింది. అందులో ఫోను పెట్టకూడదని అప్పుడే అనుకున్నాను.

చేతి తొడుగుల అంచు కోటు చేతుల లోపలికి ఉండాలి. చేతులు కిందికి వాలి ఉంటాయి కాబట్టి, లేకపోతే భుజం మీది నీళ్లన్నీ తొడుగుల్లోకే పోతాయి. బూట్ల మీదికి ప్యాంటు రావడమూ అందుకే. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టకుండా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రుద్ది, పొడి గుడ్డతో మెరిసేలా తుడిచాను. గీతలు పడిన పాత అద్దాన్ని కూడా మార్చాలి. రాత్రి వానలో ఎదురు బండ్ల వెలుగు ఆ గీతల్లో చిట్లి ముందు ఏమీ కనిపించడం లేదు.

ఎంత మంచి కోటు ఉన్నా బయలుదేరకూడని రోజులు ఉంటాయన్నది మా దారిలో అందరికీ తెలుసు. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. కటాక్షపూర్ చెరువు మత్తడి దూకి రోడ్డు మీదికి వస్తే బస్సులే ఆగిపోతాయి. బండి సంగతి చెప్పనక్కర్లేదు.

సాయంత్రం పాత ప్యాంటు ఎడమ కాలిని పాప కత్తిరించి, ఒక చివర కొవ్వొత్తి సెగకు అతికించి, పత్రాల కట్టకు సంచి చేసింది. దానిపైన యూరియా బస్తా లోపలి కవరు తొడిగితే ఇక చెమ్మ తగలదు. అలికిపోయిన ఆ ఏడుగురి పేర్లు కాగితం మీద రాసుకున్నాను; రేపు మొదటి పీరియడ్‌లో చెరిగిపోయిన జవాబులను వాళ్లతో నోటితో చెప్పించుకొని మార్కులు వేస్తాను. కట్టను డబ్బా అడుగున పెట్టి, దాని మీద కోటు, కోటు మీద ప్యాంటు మడిచి పెట్టాను. వాన మొదలవగానే ముందు తొడుక్కోవాల్సింది ప్యాంటే కాబట్టి అది పైన ఉండాలి. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, వరండా రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.